వచ్చింది, పెట్టాను, పోయింది: ప్రవేశపరీక్షల అనంతరం విద్యార్థుల గణిత సమాధానాల పోలిక - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రవేశపరీక్ష ముగిసిన వెంటనే విద్యార్థులు కఠినమైన గణిత ప్రశ్నలకు తమకు వచ్చిన సమాధానాలను ఒకరితో ఒకరు పోల్చుకుంటారు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు దీనిని ఆందోళన పెంచే అలవాటుగా చూడటమే ఎక్కువ. బహుళైచ్ఛిక పరీక్ష సమాధానాన్ని మాత్రమే అడుగుతుంది, సాధన మార్గాన్ని అడగదు. ఆ లోటును కొంతవరకైనా పూరించేది ఈ పోలికే. తెలుగు విద్యార్థులు ఈ సందర్భంలో వాడే క్రియలు, ప్రశ్నను జ్ఞాపకం నుండి తిరిగి చెప్పడంలో కలిగే మార్పులు, గణిత పారిభాషిక పదాల అర్థభేదాలు, ‘కీ’లోని దోషాలు వెలికివచ్చిన సందర్భాల ఆధారంగా ఈ పోలిక స్వభావాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ప్రవేశపరీక్ష, బహుళైచ్ఛిక ప్రశ్న, బిట్, కీ, గణిత పరిభాష, పాఠాంతరం, సాధన మార్గం.

1. ప్రస్తావన

ఎంసెట్ 1986 నుండి తెలుగు ప్రాంతంలో ఇంజనీరింగ్ విద్యకు ప్రధాన ద్వారంగా ఉంది. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలు వేర్వేరుగా నిర్వహిస్తున్న ఈ పరీక్ష ఇప్పుడు ఈఏపీసెట్ పేరుతో సాగుతోంది. దీనికి తోడు జాతీయ స్థాయిలో జేఈఈ మెయిన్, ఆ తర్వాత జేఈఈ అడ్వాన్స్‌డ్ ఉన్నాయి. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివే విద్యార్థికి రెండేళ్ల చదువు ఈ పరీక్షల చుట్టూనే తిరుగుతుంది.

పరీక్షాకేంద్రం గేటు దాటగానే మొదట వినిపించే ప్రశ్న దాదాపు ఒకటే: “ఆ బిట్‌కి నీకెంత వచ్చింది?” గేటు బయటా, ఆటోలోనూ, హాస్టల్ వరండాలోనూ ఈ ప్రశ్న చుట్టూ సంభాషణ పెరుగుతుంది. తేలికైన ప్రశ్నల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కొంతమందికి మాత్రమే వచ్చినవి, వచ్చినవారిలోనూ వేర్వేరుగా వచ్చినవి చర్చకు వస్తాయి. ఈ చర్చను మార్కుల లెక్కగా మాత్రమే చూస్తే దాని విలువ సగమే తెలుస్తుంది. అందులో ‘ఎంత వచ్చింది’ అనే ప్రశ్న ‘ఎలా వచ్చింది’ అనే ప్రశ్నగా మారే క్షణం ఉంటుంది. ఆ మార్పు ఎలా జరుగుతుందో, దేనివల్ల ఆగిపోతుందో పరిశీలించవలసి ఉంది.

2. పరీక్ష అడిగేది, అడగనిది

ఈఏపీసెట్ ఇంజనీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలు ఉంటాయి. వీటిలో గణితం 80, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. వ్యవధి మూడు గంటలు. సగటున ఒక్కో ప్రశ్నకు లభించే సమయం 67.5 సెకన్లు. ఇందులో తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. జేఈఈ మెయిన్‌లో 2025 నుండి మూడు విషయాలకు కలిపి 75 ప్రశ్నలు, 300 మార్కులు. సరైన సమాధానానికి 4 మార్కులు కలుస్తాయి, తప్పు సమాధానానికి 1 మార్కు పోతుంది. కాబట్టి ఒక ప్రశ్న ఒప్పయితే, తప్పయితే వచ్చే తేడా 5 మార్కులు.

ఈ అమరికలో విద్యార్థి ఏ మార్గంలో సమాధానం సాధించాడన్నది పరీక్షకు అక్కర లేదు. నాలుగు ఐచ్ఛికాలలో ఒకదానిని గుడ్డిగా ఎంచుకున్నవాడికి జేఈఈ మెయిన్‌లో కూడా సగటున 0.25 మార్కు లాభమే ఉంటుంది. రెండు ఐచ్ఛికాలను తోసివేయగలిగితే ఆ సగటు 1.5కు పెరుగుతుంది. పూర్తి సాధన చేసినవాడు, ఐచ్ఛికాలను ప్రశ్నలో ప్రతిక్షేపించి చూసినవాడు, ఊహించినవాడు ఒకే ఐచ్ఛికాన్ని గుర్తిస్తే ముగ్గురికీ ఒకే మార్కులు. జేఈఈ మెయిన్‌లో రఫ్ వర్క్ చేసిన కాగితాలు కూడా కేంద్రంలోనే అప్పగించి రావాలి. ఆలోచన నడిచిన దారికి మిగిలే ఆధారం విద్యార్థి జ్ఞాపకం ఒక్కటే.

వ్రాతపరీక్షలో పరిస్థితి వేరు. ఇంటర్మీడియట్ పబ్లిక్ పరీక్షలో దీర్ఘసమాధాన ప్రశ్నకు సోపానాలవారీగా మార్కులు వస్తాయి. చివరి విలువ తప్పినా దారి సరైనదైతే విద్యార్థికి కొంత దక్కుతుంది. ప్రవేశపరీక్షలో ఆ అవకాశం లేదు. ‘దారి’ని అడిగేవారు పరీక్ష లోపల లేరు కనుక, ఆ పని పరీక్ష బయట తోటివిద్యార్థి చేస్తున్నాడు.

3. మూడు క్రియలు

ఈ సంభాషణలో విద్యార్థులు వాడే భాషను గమనిస్తే మూడు క్రియలు ప్రధానంగా కనిపిస్తాయి: ‘వచ్చింది’, ‘పెట్టాను’, ‘పోయింది’. “నాకు పదకొండు బై ముప్పై ఆరు వచ్చింది”, “నేను రెండో ఆప్షన్ పెట్టాను”, “ఆ బిట్ పోయింది” అనే వాక్యాలు సాధారణం.

‘వచ్చింది’ అనే వాక్యంలో విద్యార్థి కర్త కాదు. కర్త స్థానంలో సమాధానం ఉంటుంది, విద్యార్థి ‘నాకు’ అనే రూపంలో ఉంటాడు. సమాధానం ఒక ప్రక్రియ చివర తనంత తానుగా వచ్చి చేరినట్లు ఈ నిర్మాణం సూచిస్తుంది. ‘పెట్టాను’లో విద్యార్థే కర్త, ఐచ్ఛికం కర్మ. ఇది ఎంపికను తెలుపుతుంది గాని సాధనను తెలుపదు. లెక్క చేయకుండా ఊహించిన విద్యార్థి సాధారణంగా ‘నాకు వచ్చింది’ అనడు, ‘పెట్టాను’ లేదా ‘ఊరికే కొట్టాను’ అంటాడు. పరీక్ష మూల్యాంకనం గుర్తించని భేదాన్ని విద్యార్థుల భాష గుర్తిస్తోంది. ‘పోయింది’లో మళ్లీ విద్యార్థి కర్తృత్వం ఉండదు. చేసిన తప్పుకు బాధ్యుడిని చెప్పకుండా, నష్టాన్ని మాత్రమే చెప్పే క్రియ అది.

‘వచ్చు’ అనే మాటకు తెలుగులో తెలియడం, నేర్చి ఉండటం అనే అర్థం కూడా ఉంది. ‘లెక్కలు వచ్చు’, ‘ఈత వచ్చు’ అనే ప్రయోగాలు ఇందుకు నిదర్శనం. అందువల్ల ‘నాకు వచ్చింది’ అన్న విద్యార్థిని పక్కవాడు ‘ఎలా వచ్చింది?’ అని అడగడం సహజమైన కొనసాగింపు. ‘పెట్టాను’ అన్నవాడిని ఎవరూ ‘ఎలా పెట్టావు?’ అని అడగరు. ఏ క్రియతో మొదలయిందన్నదాన్ని బట్టి సంభాషణ ముందుకు సాగుతుందా, అక్కడే ఆగుతుందా అన్నది చాలావరకు నిర్ణయమవుతుంది.

4. మూడు సమాధానాలు, ఒకే లెక్క

పోలిక ఏం చేస్తుందో తెలియడానికి సంభావ్యత నుండి ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. రెండు పాచికలను ఒకేసారి దొర్లించినప్పుడు కనీసం ఒకదానిపై 6 పడే సంభావ్యత ఎంత? ఒక విద్యార్థికి 1/3 వచ్చింది, రెండోవాడికి 11/36, మూడోవాడికి 5/18. మూడు భిన్నాలు ఒకదానికొకటి సంబంధం లేనట్లు కనిపిస్తాయి. మూడింటినీ 36 హారంగా వ్రాస్తే అవి వరుసగా 12/36, 11/36, 10/36 అవుతాయి. తేడా ఒక్కొక్కటి మాత్రమే.

ఆ ఒకటి ఎక్కడిది? రెండు పాచికలపైనా 6 పడే ఫలితం ఒక్కటే ఉంది. మొదటి విద్యార్థి మొదటి పాచికపై 6 పడే 6 ఫలితాలకు, రెండో పాచికపై 6 పడే 6 ఫలితాలను కలిపాడు. దానితో రెండింటిపైనా 6 పడే ఫలితం రెండుసార్లు లెక్కకు వచ్చింది. రెండోవాడు దానిని ఒక్కసారే లెక్కించాడు. అతని సమాధానమే సరైనది. మూడోవాడు దానిని పూర్తిగా వదిలేశాడు. అతడు సాధించినది ‘సరిగ్గా ఒకదానిపై’ 6 పడే సంభావ్యత. మొదటివాడు సంకలన సిద్ధాంతంలో ఉమ్మడి ఫలితాన్ని తీసివేయడం మరచిపోతే, మూడోవాడు ‘కనీసం’ అనే మాటను మరొక విధంగా చదివాడు. ఒకటి గణిత దోషం, మరొకటి పఠన దోషం.

కీ ఈ ముగ్గురిలో ఒకరికి ఒప్పు, ఇద్దరికి తప్పు అని మాత్రమే చెబుతుంది. ఆ ఇద్దరి తప్పులూ ఒకే రకానివి కావని చెప్పదు. ముగ్గురూ కూర్చొని ఫలితాలను వ్రాసుకుంటే ఐదు నిమిషాలలో ఈ విషయం బయటపడుతుంది. ప్రశ్నపత్రం రూపొందించేవారు తప్పు ఐచ్ఛికాలను యాదృచ్ఛికంగా ఇవ్వరు. విద్యార్థి ఎక్కడ పొరపాటు పడే అవకాశం ఉందో ఊహించి, ఆ పొరపాటుతో వచ్చే విలువలనే ఇస్తారు. కాబట్టి ప్రతి తప్పు ఐచ్ఛికం వెనుక ఒక ఆలోచన క్రమం ఉంటుంది. సమాధానాల పోలిక ఆ క్రమాన్ని వెనక్కి నడిపించి చూస్తుంది.

సమీకరణ సాధనలోనూ ఇదే జరుగుతుంది. √(2x+3) = x అనే సమీకరణానికి ఎన్ని సాధనలు? ఇరువైపులా వర్గం చేస్తే x² − 2x − 3 = 0 వస్తుంది, దాని మూలాలు 3, −1. ‘రెండు’ అన్నవాడు ఇక్కడ ఆగాడు. ‘ఒకటి’ అన్నవాడు వాటిని తిరిగి ప్రతిక్షేపించి చూశాడు. x = −1 అయితే ఎడమవైపు 1, కుడివైపు −1 కనుక అది సాధన కాదు. వర్గం చేయడం వల్ల కొత్త మూలం చేరవచ్చునన్న సూత్రం పుస్తకంలో చదివినప్పటికంటే, తన ‘రెండు’ పక్కవాడి ‘ఒకటి’తో ఢీకొన్నప్పుడు విద్యార్థికి బాగా గుర్తుంటుంది.

5. ప్రశ్నకు పాఠాంతరాలు

సమాధానాలు పోల్చుకోవాలంటే ముందు ప్రశ్న ఒకటే కావాలి. ఓఎంఆర్ పత్రాల కాలంలో ప్రశ్నపత్రం వేర్వేరు సెట్లుగా ఉండేది. “నీది ఏ సెట్?” అని తెలుసుకున్నాకే పోలిక మొదలయ్యేది. ప్రశ్నల క్రమం మారినా ప్రశ్నలు మాత్రం ఒకటే. కంప్యూటర్ ఆధారిత పరీక్షలో రోజుకు రెండు పూటలు, కొన్ని రోజులపాటు నిర్వహణ ఉండటంతో ప్రశ్నలే మారుతున్నాయి. వేర్వేరు షిఫ్టుల మార్కులను నార్మలైజేషన్ ద్వారా సమన్వయిస్తారు. దీనితో ‘ఆ బిట్‌కి ఎంత’ అనే ప్రశ్న కొంతవరకు ‘మీ షిఫ్ట్ కష్టమా, మా షిఫ్ట్ కష్టమా’ అనే ప్రశ్నగా మారింది. పోలిక గణితం నుండి అంచనాల వైపు జరిగింది.

ఒకే షిఫ్టులో వ్రాసినవారికి కూడా సమస్య ఉంది. అధికారికంగా ప్రశ్నపత్రం వెలువడేవరకు వారు జ్ఞాపకం నుండి ప్రశ్నను పునర్నిర్మించుకోవాలి. ముగ్గురు చెబితే మూడు పాఠాంతరాలు ఏర్పడతాయి. ఉదాహరణకు x + y + z = 10 అనే సమీకరణానికి ఋణేతర పూర్ణాంక సాధనలు 66, ధన పూర్ణాంక సాధనలు 36. సున్నాను అనుమతిస్తే మొదటిది, అనుమతించకపోతే రెండోది. ఒక విద్యార్థి 66 అని, మరొకడు 36 అని వాదించుకుంటున్నప్పుడు ఇద్దరి లెక్కా సరైనదే కావచ్చు. తేడా వారు చదివిన, లేదా గుర్తుంచుకున్న విశేషణంలో ఉంటుంది. తాళపత్ర ప్రతులను సరిపోల్చి మూలపాఠాన్ని నిర్ణయించే పరిష్కర్త పని వంటిదే ఇక్కడా జరుగుతుంది. ఏ పాఠం తీసుకుంటే ఐచ్ఛికాలు నాలుగూ అర్థవంతమవుతాయో చూసి, అసలు ప్రశ్న ఏదై ఉంటుందో విద్యార్థులు తేల్చుకుంటారు.

తెలుగు మాధ్యమ విద్యార్థికి దీనితో పాటు పరిభాష సమస్య ఉంది. పాఠశాల గణితంలో ‘పూర్ణాంకాలు’ అంటే 0, 1, 2, 3... మాత్రమే. ఋణసంఖ్యలు కూడా కలిసిన సమితిని ‘పూర్ణసంఖ్యలు’ అంటారు. ఇంటర్మీడియట్ గణితంలో ‘ధన పూర్ణాంకం’ వంటి ప్రయోగాలలో ‘పూర్ణాంకం’ ఋణ, ధన సంఖ్యలన్నింటికీ వర్తించే మాట. |x| ≤ 3 అయ్యే పూర్ణాంకాలు ఎన్ని అని అడిగితే మొదటి అర్థంలో సమాధానం 4, రెండో అర్థంలో 7. పదో తరగతి నుండి ఇంటర్మీడియట్‌కు వచ్చేటప్పుడు ఒక మాట అర్థం మారిందని చెప్పేవారు లేకపోతే, ఆ విషయం విద్యార్థికి తెలిసేది సమాధానం తేడా వచ్చినప్పుడే.

జేఈఈ మెయిన్ 2021 నుండి తెలుగుతో సహా 13 భాషలలో జరుగుతోంది. అయితే అనువాదంలో సందిగ్ధత ఏర్పడితే ఇంగ్లీషు పాఠమే ప్రామాణికమని నిబంధన. అందువల్ల తెలుగులో చదివిన విద్యార్థి ఇంగ్లీషులో చదివిన విద్యార్థితో సమాధానం పోల్చుకోవడం కాలక్షేపం కాదు. తాను చదివిన ప్రశ్నకూ, మూల్యాంకనానికి లెక్కలోకి వచ్చే ప్రశ్నకూ తేడా ఉందేమో తెలుసుకొనే మార్గం అది. తెలుగులో గణితం పద్యంగా వెలువడిన నాటి నుండి, అంటే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసిన నాటి నుండి, లెక్కకు మొదటి మెట్టు అన్వయమే. పద్యాన్ని అన్వయించలేనివాడికి లెక్క మొదలే కాదు. నేటి విద్యార్థి గేటు బయట చేస్తున్న పనిలో సగం అన్వయమే.

6. కీ తప్పినప్పుడు

సమాధానాల పోలికకు తుది తీర్పు కీ అని విద్యార్థులు నమ్ముతారు. కీ కూడా తప్పవచ్చునని చూపిన ప్రసిద్ధ సందర్భాలు అమెరికా శాట్ చరిత్రలో ఉన్నాయి. 1982లో జరిగిన శాట్‌లో ఒక ప్రశ్న అడిగారు. A అనే వృత్తం వ్యాసార్ధం B అనే వృత్తం వ్యాసార్ధంలో మూడో వంతు. A వృత్తం B చుట్టూ దొర్లుతూ బయలుదేరిన చోటికి తిరిగి చేరేలోగా ఎన్ని పరిభ్రమణాలు చేస్తుంది? ఇచ్చిన ఐచ్ఛికాలు 3/2, 3, 6, 9/2, 9. పరిధుల నిష్పత్తి 3 కనుక సమాధానం 3 అని నిర్వాహకులు భావించారు.

సరైన సమాధానం 4. అది ఐచ్ఛికాలలో లేనే లేదు. A వృత్త కేంద్రం తిరిగే దారి B పరిధి కాదు, రెండు వ్యాసార్ధాల మొత్తం వ్యాసార్ధంగా గల పెద్ద వృత్తం. ఆ దారి పొడవు A పరిధికి నాలుగు రెట్లు. ఒకే పరిమాణం గల రెండు నాణేలతో ఎవరైనా దీనిని పరీక్షించవచ్చు. ఒకదానిని కదలకుండా పట్టుకొని, రెండోదానిని దాని చుట్టూ జారకుండా దొర్లిస్తే, సగం చుట్టు పూర్తయ్యేసరికే నాణెం మీది బొమ్మ మళ్లీ నిటారుగా నిలుస్తుంది. మొత్తం చుట్టుకు ఒక పరిభ్రమణం కాదు, రెండు. ఆ పరీక్ష వ్రాసిన దాదాపు 3 లక్షల మందిలో ముగ్గురు విద్యార్థులు ఈ దోషాన్ని గుర్తించి నిర్వాహకులకు వ్రాశారు. ఆ ప్రశ్నను తొలగించి మార్కులను తిరిగి లెక్కించవలసి వచ్చింది.

అంతకు ముందు 1980లో జరిగిన పీశాట్‌లోనూ ఇటువంటిదే జరిగింది. అన్ని అంచులు సమానంగా గల చతురస్రాకార పిరమిడ్‌కు ఐదు ముఖాలు, క్రమ చతుర్ముఖికి నాలుగు. సమానమైన ఒక త్రిభుజ ముఖంతో రెండింటినీ అతికిస్తే బయటికి కనిపించే ముఖాలు ఎన్ని? 5 + 4 − 2 = 7 అని కీ చెప్పింది. ఒక విద్యార్థి 5 అని గుర్తించాడు. అతికించిన తర్వాత రెండు జతల ముఖాలు ఒకే తలంలోకి వచ్చి కలిసిపోతాయి. కాగితంతో నమూనా చేసి చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది. అతని వాదన నిలిచింది.

న్యూయార్క్ రాష్ట్రం 1979లో చేసిన చట్టం ప్రవేశపరీక్షల ప్రశ్నలను, సమాధానాలను పరీక్ష తర్వాత వెల్లడించడం తప్పనిసరి చేసింది. ప్రశ్న చేతిలో లేనివాడు కీని ప్రశ్నించలేడు. నేడు జేఈఈ మెయిన్‌లో ప్రశ్నపత్రాన్ని, విద్యార్థి గుర్తించిన సమాధానాలను, ప్రాథమిక కీని వెల్లడిస్తారు. ప్రశ్నకు రూ.200 చొప్పున రుసుము చెల్లించి అభ్యంతరం తెలపవచ్చు. విషయ నిపుణులు పరిశీలించాక తుది కీ వస్తుంది. ఈఏపీసెట్‌లోనూ ప్రాథమిక కీపై అభ్యంతరాలు స్వీకరిస్తారు. అభ్యంతరం చెప్పాలంటే ‘నాకు వేరే వచ్చింది’ అన్నంత మాత్రాన చాలదు, ఎలా వచ్చిందో చూపాలి. గేటు బయట తోటివారి ముందు తన సాధనను నిలబెట్టుకోగలిగిన విద్యార్థే నిపుణుల ముందు కూడా నిలబెట్టుకోగలడు.

7. పోలికకు వేళ, విధానం

ఈ పోలికకు హద్దులూ ఉన్నాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో రెండు పత్రాలు ఒకే రోజు, ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి జరుగుతాయి. మధ్యలో దొరికే విరామంలో మొదటి పత్రం సమాధానాలు పోల్చుకున్న విద్యార్థి, తాను చేసిన తప్పును సరిదిద్దుకోలేడు, దాని భారాన్ని మాత్రం రెండో పత్రంలోకి మోసుకుపోతాడు. ‘అప్పుడే మాట్లాడుకోవద్దు’ అని అధ్యాపకులు చెప్పే మాట ఇక్కడ పూర్తిగా సమంజసం. సరైన సాధన చేసినవాడు నలుగురికీ వేరే సమాధానం వచ్చిందని తన సమాధానాన్ని అనుమానించడం మరొక ప్రమాదం. 1982లో 3 అన్నవారు లక్షలలో ఉండవచ్చు, 4 అన్న సమాధానానికి కనీసం ఐచ్ఛికం కూడా లేదు. గణితంలో మెజారిటీ నిరూపణ కాదు.

నేడు పోలికను ఎక్కువగా కుదిస్తున్నది సాయంత్రానికే వెలువడే అనధికారిక కీలు. విద్యార్థి తన ఐచ్ఛికాన్ని కీతో సరిచూసి, మార్కులు కూడి, ర్యాంకు అంచనా వేసుకొని అక్కడితో ముగిస్తాడు. ‘వచ్చింది’, ‘పెట్టాను’ అనే భేదం చెరిగిపోయి ‘ఉంది’, ‘పోయింది’ అనే రెండు మాటలే మిగులుతాయి. ఊహించి ఒప్పు పెట్టినవాడికి తనకు ఆ లెక్క రాదన్న విషయం తెలియకుండానే పోతుంది. సరైన పద్ధతిలో నడిచి చివరి గుర్తు దగ్గర తప్పినవాడు తనకు గణితమే రాదని అనుకుంటాడు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఇద్దరూ ఒకే తరగతిలో కూర్చున్నప్పుడు, ఈ రెండు అపోహల ఫలితమూ అధ్యాపకుడి ముందుకు వస్తుంది.

కాబట్టి నమూనా పరీక్షల తర్వాత తరగతిలో కీ చదవడానికి ముందు కొంత సమయం పోలికకు కేటాయించడం ప్రయోజనకరం. భిన్న సమాధానాలు వచ్చిన రెండు మూడు ప్రశ్నలను ఎంచుకొని, ప్రతి సమాధానం వచ్చిన దారిని విద్యార్థులతోనే బోర్డుపై వ్రాయించాలి. తప్పు సమాధానం ఇచ్చినవారికి మొదటి అవకాశం ఇస్తే, దోషం ఏ సోపానంలో ఉందో తరగతి మొత్తం వెతుకుతుంది. ‘పెట్టాను’ అన్నవారు కూడా నిర్భయంగా ఆ మాట అనగలగాలి. తెలుగు, ఇంగ్లీషు పాఠాలు రెండూ పక్కపక్కన ఉంచి చదివించడం మాధ్యమ భేదం వల్ల వచ్చే దోషాలను ముందే చూపుతుంది. గణిత, తెలుగు అధ్యాపకులు కలిసి చేయదగిన పని ఇది.

8. ముగింపు

ప్రవేశపరీక్ష లక్షలమందిని తక్కువ వ్యవధిలో వరుసలో నిలపడానికి ఏర్పడిన సాధనం. ఆ పనికి సమాధానం చాలు. గణితం నేర్చుకోవడానికి సమాధానం చాలదు. పరీక్ష అడగకుండా వదిలేసిన ‘ఎలా’ అనే ప్రశ్నను విద్యార్థులు తమంత తాముగా, తమ భాషలో, గేటు బయట అడుగుతున్నారు. 12, 11, 10 మధ్య తేడా ఎక్కడిదో కనిపెట్టడం, ‘ఋణేతర’ అన్న మాటను తిరిగి చదవడం, నాణేన్ని దొర్లించి చూడటం గణిత అధ్యయనంలో భాగాలే. ర్యాంకు వచ్చేలోగా మాత్రమే బ్రతికే ఈ సంభాషణకు తరగతిలో చోటు కల్పిస్తే, అది ఆందోళనగా మిగలక విద్యగా మారుతుంది.